అక్టోబరు ఎద, మైనస్ 196

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతుకు అక్టోబరు అంటే రెండు గుర్తొస్తాయి. ఒకటి తుపాను, రెండోది గేదెల ఎద. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. మరుసటి ఏడు హుద్‌హుద్ విశాఖ మీద పడిందీ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ పలాస వైపు విరుచుకుపడి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చింది అక్టోబరు 11న. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఎండాకాలమంతా ఎద ఊసెత్తని గేదెలు అరవడం మొదలుపెడతాయి. పగలు తగ్గి రాత్రి పెరిగేకొద్దీ గేదె మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును ఎక్కువసేపు వదులుతుంది. ఆ సంకేతంతో అండాశయంలో చలనం వస్తుంది. ఆవుకు ఈ పట్టింపు పెద్దగా లేదు, ఏడాది పొడవునా ఎదకొస్తుంది. గేదెకు మాత్రం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే అసలు అదను. అప్పుడు చూడి కట్టినది పది నెలల పైచిలుకు మోసి మరుసటి శ్రావణం నుంచి ఈనుతుంది. అదను తప్పిందా, పాడి ఒక ఏడాది వెనక్కి పోతుంది.

ఆ అదనులో గేదె గర్భసంచిలోకి పంపే పావు మిల్లీలీటరు ఘనీకృత వీర్యం గురించే ఈ అధ్యాయం.

తుపానుకు కరెంటు పోతే ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్న టీకాలు పాడైపోతాయి. వీర్యం దాచిన క్యాన్‌కు కరెంటుతో పని లేదు. అది రెండు గోడల అల్యూమినియం పాత్ర. గోడల మధ్య గాలి తీసేసిన ఖాళీ, లోపల ద్రవ నత్రజని. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉండే నత్రజనినే మైనస్ 196 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేస్తారు. అది నెమ్మదిగా మరుగుతూ, ఆవిరవుతూ, తనలో మునిగి ఉన్నవాటిని అదే చలిలో ఉంచుతుంది. ఆ చలిలో రసాయన చర్యలన్నీ దాదాపు ఆగిపోతాయి. దున్న చచ్చిపోయి ఇరవై ఏళ్లయినా దాని వీర్యంతో దూడ పుట్టగలదు. ఒకే షరతు: నత్రజని ఆవిరైనంత మేరా మళ్లీ నింపుతుండాలి. కాబట్టి తుపానులో కరెంటు పోవడం కంటే రోడ్డు తెగిపోవడమే పెద్ద ప్రమాదం. నత్రజని బండి ఎన్ని రోజులకు వస్తుందో తెలిసినవాడు సెప్టెంబరు చివరికే పెద్ద క్యాన్లు నిండుగా ఉంచుకుంటాడు.

క్యాన్‌లో మట్టం ఎంతుందో చూడటానికి యంత్రం అక్కర్లేదు. సన్నటి చెక్కపుల్లను అడుగుదాకా దించి, కొన్ని సెకన్లు ఉంచి, పైకి తీసి గాల్లో ఆడిస్తే ద్రవం తాకినంత మేరా తెల్లగా మంచు పడుతుంది. ఆ మంచుగీతే మట్టం. ఇంత సులువైన పనిని వారానికొకసారైనా చేసి పుస్తకంలో రాసేవాళ్లు తక్కువ. రాయనందువల్ల వచ్చే నష్టం కంటికి కనబడదు. నత్రజని పూర్తిగా ఆవిరై, స్ట్రాలు అనే సన్నటి గొట్టాల్లో ఉన్న వీర్యం కరిగి, తర్వాత బండి వచ్చి మళ్లీ నింపితే అవి మళ్లీ గడ్డకడతాయి. రంగు మారదు, వాసన రాదు, మీద అచ్చు చెరగదు. లోపలి కణాలు మాత్రం చచ్చిపోయి ఉంటాయి. ఆ స్ట్రాతో వేసిన సూది, అంటే కృత్రిమ గర్భధారణ, వృథా అయిందని 21 రోజుల తర్వాత గేదె మళ్లీ ఎదకు వస్తేనే తెలుస్తుంది.

గడ్డకట్టిన కణం బతకడమే నిజానికి వింత. కణంలో ఎక్కువ భాగం నీరు. చలికి నీరు స్ఫటికాలై పదునైన అంచులతో పొరల్ని చీలుస్తుంది. బయట మంచు కడుతున్నకొద్దీ మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడి కణాన్ని ఎండబెడుతుంది. 1940లలో లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్ ఈ చిక్కుముడితోనే తంటాలు పడ్డారు. కోడిపుంజు వీర్యాన్ని పండ్ల చక్కెర ద్రావణంలో కలిపి గడ్డకట్టించి చూశారు, ఫలితం దక్కలేదు. కొన్ని నెలల తర్వాత చలిగదిలో దాచిన పాత సీసాతో మళ్లీ ప్రయత్నిస్తే కణాలు కరిగాక ఈదాయి! కొత్తగా చక్కెర ద్రావణం చేసి చూస్తే మళ్లీ శూన్యం. సీసా అడుగున మిగిలిన కాస్త ద్రవాన్ని రసాయన పరీక్షకు పంపితే అందులో చక్కెరే లేదని తేలింది. ఉన్నవి గ్లిజరిన్, నీరు, గుడ్డు తెల్లసొనలోని ప్రోటీను. కణజాలపు ముక్కల్ని గాజుపలకకు అతికించడానికి వాడే ద్రావణం అది, సీసాల చీటీలు తారుమారయ్యాయి. 1949లో వాళ్లిద్దరూ, వాళ్ల విభాగాధిపతి అలన్ పార్క్స్ కలిసి ఈ సంగతి ప్రకటించారు. 1951లో బ్రిటన్‌లో ఘనీకృత వీర్యంతో తొలి దూడ పుట్టింది. గ్లిజరిన్ కణంలోకి చొరబడి, నీటితో కలిసి, స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుకుంటుంది. ఇవాళ మన పల్లెలకు వచ్చే ప్రతి స్ట్రాలోనూ ఆ తారుమారు చీటీ పుణ్యం కొంత ఉంది.

గ్లిజరిన్‌కు ముందే కోడిగుడ్డు వచ్చింది. 1939లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫిలిప్స్ అనే శాస్త్రవేత్త గుడ్డు పచ్చసొన కలిపితే వీర్యం చలికి తట్టుకుంటుందని చూపాడు. అదే ఏడు మన దేశంలో మైసూరు ప్యాలెస్ పాడి క్షేత్రంలో సంపత్ కుమారన్ తొలిసారి కృత్రిమ గర్భధారణ చేశారు. 1943 ఆగస్టులో అలహాబాదు వ్యవసాయ సంస్థలో ఈ పద్ధతిలో తొలి గేదె దూడ పుట్టింది. అప్పట్లో వాడింది అప్పటికప్పుడు తీసిన వీర్యం, రెండు మూడు రోజుల్లో అయిపోవాల్సిందే. ఘనీకృత వీర్యం వచ్చాకే కాలానికీ దూరానికీ లెక్క మారింది.

మన రాష్ట్రంలో పశుగణాభివృద్ధి సంస్థ కింద విశాఖపట్నం, నంద్యాల, బనవాసిలలో ఘనీకృత వీర్య కేంద్రాలు ఉన్నాయి. కేంద్రంలో జరిగేది ఇది. క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి రోగాలు లేవని పరీక్షలు తేల్చిన దున్నను బొమ్మ పశువు మీదకో మరో దున్న మీదకో ఎక్కించి, గోరువెచ్చటి నీళ్లు నింపిన కృత్రిమ యోనిలోకి వీర్యం సేకరిస్తారు. ముర్రా దున్న ఒక్కసారికి 3 మిల్లీలీటర్లు ఇచ్చిందనుకుందాం. మిల్లీలీటరుకు సుమారు 100 కోట్ల కణాలు, మొత్తం 300 కోట్లు. ట్రిస్ అనే రసాయనం, పచ్చసొన, గ్లిజరిన్, యాంటీబయాటిక్ కలిపిన ద్రావణంతో పల్చన చేస్తారు. 4 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు సేదదీరనిచ్చి, 0.25 మిల్లీలీటర్ల స్ట్రాల్లో నింపి, నత్రజని ఆవిరిలో గడ్డకట్టించి, చివరకు ద్రవంలో ముంచుతారు. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల కణాలు ఉండాలన్నది మన దేశ ప్రమాణం. అంటే ఆ ఒక్కసారి ఇచ్చినదానితో 150 స్ట్రాలు. కరిగించి సూక్ష్మదర్శినిలో చూస్తే కనీసం సగం కణాలు ముందుకు ఈదాలి, లేకపోతే ఆ బ్యాచ్ మొత్తం పారబోయాలి.

సగం అంటే మిగతా సగం ఎక్కడికి పోయాయి? ఎక్కువ భాగం చలికి చచ్చాయి. ఇంత జాగ్రత్త పడినా పోయే పోకడ అది. ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. వీర్యం నాణ్యతను పెంచే యంత్రం ఏదీ లేదు. దున్న నుంచి బయటపడిన క్షణంలో ఉన్న నాణ్యతే గరిష్ఠం, ఆ తర్వాత ప్రతి అడుగులోనూ అది తరగడమే. 'నాణ్యత మెరుగుపరచడం' అని పత్రాల్లో రాసేదంతా ఆ తరుగును ఆపడం గురించే. విటమిన్ ఇ, గ్లూటాథయోన్ వంటి ఆక్సీకరణ నిరోధకాలు కలపడం, పచ్చసొనకు బదులు సోయా లెసిథిన్ వాడటం, కణం పొరలోకి కొలెస్టరాల్ ఎక్కించడం, ఇవన్నీ ఆ కోవలోవే. గేదె జాతికి ఈ పరిశోధనలు మరీ అవసరం, ఎందుకంటే దున్న వీర్యకణం పొర కొవ్వుల కూర్పు ఆబోతు కణానిదానికి భిన్నం, చలిదెబ్బకు త్వరగా దెబ్బతింటుంది. అయినా నా మటుకు నాకు, ద్రావణంలో ఏం కలపాలన్న దానికంటే ఏ దున్నను ఎంచుకోవాలన్నదే ముఖ్యం అనిపిస్తుంది. ఒకే దాణా తిని, ఒకే కొట్టంలో పెరిగిన రెండు దున్నల్లో ఒకదాని వీర్యం చలికి నిలబడుతుంది, రెండోదానిది నిలబడదు. తాజా వీర్యం రెండింటిదీ బాగానే ఉంటుంది. చలికి నిలవని దున్నను, అది ఎంత పాల వంశానిదైనా సరే, పక్కన పెట్టే తెగువ కేంద్రానికి ఉండాలి.

ఎండ దెబ్బ గురించి కూడా ఒక మాట. వృషణాలు శరీరం కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. నల్లతోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న దున్నకు మే నెల ఎండలో అది కష్టం. ఒక వీర్యకణం తయారై బయటకు రావడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి, మేలో తగిలిన ఎండ జులై వీర్యంలో కనబడుతుంది. వానలు పడి దున్న హాయిగా నెమరేస్తున్నప్పుడు వీర్యం ఎందుకు చెడిందని తల పట్టుకునేవాళ్లు రెండు నెలల వెనక్కి చూడాలి. నీళ్ల తుంపర్లు, నీడ, బురదమడుగు దున్నకు విలాసాలు కావు.

స్ట్రా విశాఖ నుంచి బయలుదేరింది. పెద్ద క్యాన్‌లో జిల్లాకు, అక్కడి నుంచి చిన్న క్యాన్‌లో పాలకొండకో సాలూరుకో టెక్కలికో, ఆపైన మూడు లీటర్ల క్యాన్‌లో, ఊళ్లో సూది వేసే గోపాలమిత్ర మోటారుసైకిలు మీద ఊళ్లోకి. ప్రతిచోటా స్ట్రాలను ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రలోకి మారుస్తారు. ప్రతి మార్పులోనూ కొన్ని సెకన్లు బయటి గాలి తగులుతుంది. సన్నటి స్ట్రా, చుట్టూ 35 డిగ్రీల గాలి. మైనస్ 130 డిగ్రీలు దాటి వేడెక్కిందంటే లోపలి చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవవుతాయి. కరిగిన ఐస్‌క్రీంను మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే పంటికింద పలుకులు తగిలేది ఇందుకే. అందుకే స్ట్రాల గిన్నెను క్యాన్ మెడ పైకి ఎత్తకూడదు, మెడ లోపలే ఉంచి పట్టకారుతో తీయాలి. దొరక్కపోతే గిన్నెను మళ్లీ ముంచి, చల్లబడనిచ్చి, అప్పుడు రెండోసారి ప్రయత్నించాలి. ఈ నష్టాలు కూడుతూ పోతాయి. కేంద్రంలో సగం ఈదిన కణాలు ఊరికి వచ్చేసరికి ఎంత మిగిలాయన్నది దారిలో ఎన్నిసార్లు గిన్నె పైకి లేచిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

కరిగించడం చివరి గండం. 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు, ఇది ప్రమాణం. గడ్డకట్టిన కణం ప్రమాదకరమైన మధ్య ఉష్ణోగ్రతల్ని ఎంత వేగంగా దాటితే అంత మంచిది. అరచేతుల మధ్య రుద్దడం, చొక్కా జేబులో వేసుకోవడం, బిందెలో చన్నీళ్లలో పడేయడం, ఇవన్నీ ఆ దాటింపును నెమ్మదింపజేసి స్ఫటికాలకు అవకాశం ఇస్తాయి. ఒక ఫ్లాస్కు, ఒక థర్మామీటరు ఉంటే చాలు. కరిగించాక స్ట్రాను పొడిగా తుడిచి, కొస కత్తిరించి, వీర్యం వేసే గన్నులో పెట్టి, పావుగంటలోపు వేసేయాలి. కరిగిన స్ట్రాకు చలి పనికిరాదు, డిసెంబరులో మన్యం ఊళ్లలో గన్నును కూడా వెచ్చగా ఉంచుకోవాలి.

సూది కంటే ఊరి దున్నే నమ్మకమని వాదించే రైతులు ఉన్నారు. వాళ్లను వెర్రివాళ్లంటే ఒప్పుకోను. దున్నకు థర్మామీటరు అక్కర్లేదు, వాసన చూసి ఎద సమయం తానే పడుతుంది. ఒక్క దాటుకు వందల కోట్ల కణాలు ఇస్తుంది. వాటిని యోనిలోనే వదులుతుంది కాబట్టి గర్భాశయ ముఖం దాటేసరికి అత్యధిక భాగం రాలిపోతాయి. కృత్రిమ పద్ధతిలో గన్నును ఆ ముఖం దాటించి గర్భాశయం మొదట్లో వదులుతాం గనకే 2 కోట్లు సరిపోతాయి. అంటే అంతా వేసేవాడి చేతివాటం మీద ఆధారపడి ఉంది. ముఖం దాటకుండా వదిలితే వృథా, మరీ లోపలికి గర్భాశయపు ఒక కొమ్ములోకి పోయినా లాభం లేదు. దున్నతో వచ్చే చిక్కు వేరు: ఒక ఊరి రోగాన్ని ఇంకో ఊరికి మోస్తుంది. అలమండ, మానాపురం, నారాయణవలస సంతల్లో చేతులు మారే పశువుల మధ్య తిరిగే దున్నకు బ్రూసెల్లోసిస్ పరీక్ష ఎవరు చేయించారు?

గడ్డకట్టి కరిగిన కణానికి ఇంకో లోపం ఉంది. చలి దెబ్బకు దాని పొర ముందే పక్వమైపోయినట్టు మారుతుంది. తాజా కణం గేదె లోపల ఒక రోజు బతికితే, ఇది అందులో సగం కాలం బతకడమే కష్టం. అండం కూడా విడుదలయ్యాక కొన్ని గంటలే పనికొస్తుంది. కాబట్టి ఘనీకృత వీర్యంతో సమయం తప్పితే క్షమాపణ లేదు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున అన్న సూత్రం 1940ల్లో అమెరికాలోని నెబ్రాస్కాలో ఆవుల మీద తేలింది, గేదెలకూ దాన్నే పాటిస్తున్నాం. చిక్కల్లా గేదె ఎదను కనిపెట్టడంలోనే. ఆవులా ఒకదాని మీద ఒకటి ఎక్కవు. యోని నుంచి జారే జిగురు తీగలు తక్కువ, చాలాసార్లు పడుకున్నప్పుడే జారతాయి. ఎద ఎక్కువగా రాత్రిపూట మొదలై తెల్లారేసరికి చల్లబడుతుంది. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం, వింతగా అరవడం తప్ప వేరే గుర్తులు పెద్దగా కనబడవు. మూగ ఎద అని ఊరికే అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున పాలు తీయబోయే ముందు ఒకసారి లాంతరో టార్చో పట్టుకుని కొట్టంలోకి వెళ్లే ఇంటి గేదెలే ఎక్కువగా చూడి కడతాయి. ఆ పని చేసేది మన ఊళ్లలో ఎక్కువగా ఆడవాళ్లు. శిక్షణ శిబిరాలకు పిలిచేది మాత్రం మగవాళ్లను.

"రెండుసార్లు సూదేయించినాం బావూ, నిలబడ్నేదు" అన్న మాట ఈ జిల్లాల్లో ఏ పశువుల ఆసుపత్రి ముందు నిలబడినా వినబడుతుంది. తప్పు ఎవరిది అన్న ప్రశ్నకు కొంచెం గణితం కావాలి. చూడి కట్టడానికి నాలుగు కలిసిరావాలి: ఎదను సరిగ్గా పట్టడం, వీర్యం సత్తా, వేసే చెయ్యి, గేదె ఆరోగ్యం. వీటిని కూడకూడదు, గుణించాలి. ఒక్కొక్కటి 90 శాతం బాగుంటే నాలుగింటి లబ్ధం సుమారు 66 శాతం. మిగతావి అలాగే ఉండి ఎద పట్టడం ఒక్కటే 50 శాతానికి పడితే, లబ్ధం 36 శాతానికి దిగుతుంది. ఇప్పుడు ప్రపంచంలోకెల్లా మేలైన వీర్యం తెచ్చి ఆ భాగాన్ని నూటికి నూరు చేసినా 40 శాతం దగ్గరే ఆగుతాం. బలహీనంగా ఉన్న అంకె ఏదో తెలుసుకుని దాన్ని పెంచితేనే లెక్క మారుతుంది.

ఆ నాలుగో అంకె, గేదె ఆరోగ్యం, ఈ ప్రాంతంలో వరిగడ్డితో ముడిపడి ఉంది. వంశధార, నాగావళి కింద ఖరీఫు వరి, దాని గడ్డే ఏడాది మేత. వరిగడ్డిలో భాస్వరం తక్కువ, ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఈనిన గేదె పాలకు ఖనిజాలు ధారపోసి, మేతలో తిరిగి రాక, నెలల తరబడి ఎదకు రాదు. రోజుకు 50 గ్రాముల లవణ మిశ్రమం, వరి కోసే ముందు తడిలో చల్లిన పిల్లిపెసరో జనుమో కాస్త పచ్చిమేతగా దొరికితే ఖరీదైన హార్మోను సూదుల అవసరం చాలా తగ్గుతుంది. వీర్యం గురించి రాస్తూ గడ్డి మాట ఎందుకంటే, గడ్డి లోపాన్ని కూడా రైతు స్ట్రా మీదే వేస్తాడు గనక.

ఆడ దూడలే పుట్టించే వీర్యం మీద ఇప్పుడు మోజు ఎక్కువ. ఆడకు కారణమయ్యే కణంలో డీఎన్‌ఏ మగ కణంలో కంటే సుమారు 4 శాతం ఎక్కువ. రంగు పట్టించి, లేజర్ వెలుగులో ఒక్కొక్క కణాన్నీ చూసి వేరుచేసే పద్ధతిని అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో లారెన్స్ జాన్సన్ బృందం 1989లో కుందేళ్లలో నిరూపించింది. ట్రాక్టర్లు వచ్చాక మగ దూడకు పని లేదు కాబట్టి రైతుకు ఇది ఆశే. కానీ ఆ వడపోతలో కణాలు అలిసిపోతాయి, స్ట్రాలో ఉండేవి కూడా 20 లక్షలే, మామూలు స్ట్రాలో పదో వంతు. పైన చెప్పిన ప్రతి పొరపాటుకూ ఇక్కడ శిక్ష రెట్టింపు. మాటిమాటికీ పొర్లే, అంటే సూది నిలవక మళ్లీ ఎదకొచ్చే, ముసలి గేదెకు ఇది వేయించడం డబ్బు పారేసుకోవడమే. ఎద స్పష్టంగా ఉన్న, ఒళ్లు చేసిన పడ్డకు వేయిస్తే ఫలితం ఉంటుంది.

ఇంకో సూచన ప్రభుత్వానికి. కేంద్రం గేటు దగ్గర వీర్యాన్ని పరీక్షిస్తున్నారు, ఊళ్లోని మూడు లీటర్ల క్యాన్‌లో ఉన్నదాన్ని పరీక్షించే అలవాటు కూడా రావాలి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. చుట్టుపక్కల మండలాల క్యాన్ల నుంచి ఒక్కో స్ట్రా తెప్పించి, కరిగించి, వెచ్చటి పలక మీద సూక్ష్మదర్శినితో చూడటం విద్యార్థులకు పాఠం, జిల్లాకు తనిఖీ. ఈదుతున్నవన్నీ పనికొచ్చేవి కావు కాబట్టి, పల్చటి ద్రావణంలో వేసి చూసే పరీక్ష కూడా చేయవచ్చు. పొర చెక్కుచెదరని కణం నీరు పీల్చి తోక చుట్టుకుంటుంది, చిల్లుపడిన కణం తోక నిటారుగానే ఉండిపోతుంది. పెద్ద ఖర్చు లేని పని.

చివరగా రైతు చేతిలో ఉన్న పని ఒకటి. ప్రతి స్ట్రా మీద దున్న నంబరు, కేంద్రం గుర్తు, తయారైన తేదీ అచ్చువేసి ఉంటాయి. సూది వేశాక ఆ స్ట్రాను చెత్తలో పారేస్తారు, నంబరు అక్కడితో పోతుంది. మూడేళ్లకు ఆ దూడ పెరిగి ఎదకొచ్చినప్పుడు అదే దున్న వీర్యం మళ్లీ వేస్తే తండ్రీకూతుళ్ల సంపర్కమే అవుతుంది, దూడలు నీరసపడతాయి. ఏ దున్న కూతుళ్లు ఎక్కువ పాలిస్తున్నాయో తేలాలన్నా ఈ నంబరే ఆధారం. అందుకని ఈసారి సూది వేయించినప్పుడు నీళ్ల వేడి థర్మామీటరుతో చూశారా అని అడగండి. ఖాళీ స్ట్రా మీది నంబరునూ, ఆ రోజు తేదీనీ, ఎద కనబడిన వేళనూ ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టండి. 21 రోజుల తర్వాతి గడికి ఒక గుర్తు పెట్టుకుని, ఆ రాత్రి కొట్టంలోకి వెళ్లి చూడండి.